ఇంటి యంత్రాలు: ప్రయాణపు బండిలో బ్యాటరీ తీగల పొరపాట్లు

గత మాసం మిక్సీ మోటారులో అరిగిపోయే బొగ్గుముక్కల గురించి వ్రాశాము. అది చదివి హోసూరు నుంచి సోదరి ఒకరు జాబు వ్రాశారు. వారి ఇంటివారూ, మరిదిగారూ కలసి పాత వ్యాను ఒకటి కొన్నారట. సీట్లు తీయించి మంచాలూ, చిన్న వంటబల్లా, ఫ్రిజ్జూ అమర్చుకున్నారట. వేసవిలో కుటుంబమంతా అందులో యాత్రకు పోవాలని సంకల్పం. తీరా చూస్తే రాత్రి పడుకునే వేళకు నిండుగా వున్న బ్యాటరీలు తెల్లవారేసరికి చతికిలబడుతున్నవట. "కొత్త బ్యాటరీలు కొనమంటారా, యీ యాత్ర వూసే మానుకోమంటారా?" అని ఆ సోదరి అడిగారు.

రెండూ వద్దమ్మా. ముందు తీగలు చూడండి.

యీ మాట మేము అనుభవం మీద చెబుతున్నాము. కొంత భయం మీద కూడా చెబుతున్నాము. పడకా పొయ్యీ గల బండ్లు మన దేశంలో యిప్పుడు అరుదు కావు. కేరళ ప్రభుత్వం 2021లో క్యారవాన్ యాత్రల కోసం ప్రత్యేక విధానమే ప్రకటించింది. బెంగుళూరులో యిలాంటి బండ్లు అద్దెకు కూడా దొరుకుతున్నవి. అయినా బండి లేనివారు యీ పుట తిప్పివేయవద్దని మనవి. మెట్ల కింద ఇన్వర్టరూ, దాని పక్కన బ్యాటరీలూ వున్న ఇళ్ళు మనలో చాలా వున్నవి. బండికైనా ఇంటికైనా తీగల ధర్మం ఒకటే.

నంద్యాల దగ్గర జరిగిన సంగతి

2023 మే నెలలో మేమూ, మా తమ్ముడి కుటుంబమూ, మా మేనత్తగారూ కలసి బెంగుళూరు నుంచి బయలుదేరాము. యాగంటి, మహానంది, అహోబిలం చూసుకుని శ్రీశైలం చేరాలని ఆలోచన. బండి మా తమ్ముడిది. వెనుక మంచం కింద 100 ఆంపియర్-గంటల బ్యాటరీలు రెండు, ముందు వైపు తలుపు పక్కన ఫ్రిజ్. తీగల పని ఒక మిస్త్రీ చేత చేయించాము. ముహూర్తం దగ్గర పడుతున్నదని అతన్ని తొందరపెట్టినది మేమే. ఆ పాపంలో మా వాటా ముందే ఒప్పుకుంటున్నాము.

అత్తయ్యకు అప్పటికి డెబ్భై ఆరేళ్ళు. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ తీసుకోవాలి. మూత తీయని ఇన్సులిన్ సీసాలను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో వుంచాలి. గడ్డకట్టనీయకూడదు, యెండకు కాగనీయకూడదు. మే నెలలో రాయలసీమ యెండ యెలాంటిదో పాఠకులకు చెప్పనక్కరలేదు. "బండిలో ఫ్రిజ్ వున్నది అత్తయ్యా, మీరు నిశ్చింతగా రండి" అని పిలిచాము. ఆమె ఆ మాట నమ్మి బయలుదేరింది.

మొదటి రాత్రి అంతా బాగానే జరిగింది. దీపాలు వెలిగినవి. ఫ్యాన్లు తిరిగినవి. మజ్జిగ చల్లగా తాగి పడుకున్నాము. రెండవ రాత్రి నంద్యాల పొలిమేరలో ఒక పెట్రోలు బంకు ఆవరణలో ఆగాము. తెల్లవారుజామున అత్తయ్య లేచి ఫ్రిజ్ తలుపు తీసి, "ఒరే, యిది వెలుగుతున్నది గాని చల్లగా లేదురా" అన్నది.

నిజమే. లోపలి దీపం నిక్షేపంలా వెలుగుతున్నది. కంప్రెసరు మాత్రం నిమిషానికోసారి మూలిగి, వెంటనే ఆగిపోతున్నది. "బ్యాటరీలు పోయినవి" అన్నాడు తమ్ముడు. మేమూ అదే అన్నాము. మరదలు ఒక్కతే, "రాత్రంతా ఫ్యాను తిరిగింది గదండీ, బ్యాటరీ పోతే అదెట్లా తిరిగింది?" అన్నది. ఆ మాట అప్పుడు మేమెవ్వరమూ చెవిని పెట్టలేదు.

ఇన్సులిన్ సీసాలను పొడిసంచిలో కట్టి, తడిగుడ్డ చుట్టిన మట్టికూజాలో వుంచాము. మందుల షాపు తెరవగానే తీసుకుపోయి సంగతి చెబితే, ఆ షాపువారు తమ ఫ్రిజ్‌లో వుంచి, "పని అయినాక తీసుకుపోండి" అన్నారు. ఆ ఉపకారం మేము మరువలేదు. అక్కడి నుంచి బ్యాటరీల దుకాణానికి పోయాము. రెండు కొత్త బ్యాటరీలకు పాతిక వేల చిల్లర అవుతుందన్నారు. సరకు మధ్యాహ్నానికి గాని రాదన్నారు. ఆ ఆలస్యమే మా అదృష్టం. ఈలోగా బంకు కుర్రవాడు, లారీలకు పని చేసే వృద్ధ మెకానిక్ ఒకాయనను పిలుచుకుని వచ్చాడు.

ఆయన సంచిలో ఒక మల్టీమీటరూ, రెండు పొడుగు తీగలూ, లారీ హెడ్‌లైటు బల్బు ఒకటీ వున్నవి. ముందు బ్యాటరీ కొసల మీద మీటరు పెట్టాడు. 12.5 వోల్టులు. తరువాత ఫ్రిజ్ ప్లగ్గు ఊడదీసి అక్కడ పెట్టాడు. అక్కడా 12.5. "చూశారా! బ్యాటరీ బాగున్నది, తీగ బాగున్నది, పోయింది ఫ్రిజ్జే" అని మా తమ్ముడు మాట మార్చాడు. ఆయన నవ్వి, "పని లేకుండా కూచున్నోని బలమెంతో యెట్ల తెలుస్తాది సార్? బరువెత్తుకోమనండి, అప్పుడు సూద్దాం" అన్నాడు.

ఫ్రిజ్ ప్లగ్గు స్థానంలో ఆ 55 వాట్ల బల్బు తగిలించాడు. అది లాగేది దాదాపు ఫ్రిజ్ లాగేటంత, సుమారు నాలుగున్నర ఆంపియర్లు. బల్బు వెలిగింది. వెలుగుతూ వుండగానే మళ్ళీ కొలిచాడు. బ్యాటరీ దగ్గర 12.3. ప్లగ్గు దగ్గర 10.3. దారిలో 2 వోల్టులు మాయమైనవి. యిలాంటి ఫ్రిజ్‌లలో సుమారు పదిన్నర వోల్టుల కిందికి దిగితే కంప్రెసరు తనంత తానే ఆగే యేర్పాటు వుంటుంది. అందువల్ల అది మూలిగి ఆగుతున్నది. లోపలి దీపానికి కావలసినది చాలా స్వల్పం గనక అది వెలుగుతున్నది.

ఆ తరువాత ఆయన చేసిన పని పాఠకులు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. మీటరు ఒక సూదిని బ్యాటరీ ప్లస్సు మీద, రెండవ సూదిని పొడుగు తీగతో ప్లగ్గు ప్లస్సు మీద వుంచాడు. బల్బు వెలుగుతూనే వున్నది. 0.3 వోల్టులు చూపింది. అలాగే బ్యాటరీ మైనస్సు నుంచి ప్లగ్గు మైనస్సుకు కొలిచాడు. 1.7 వోల్టులు! "కరెంటు పోయేదానికొక దావ, మళ్ళొచ్చేదానికొక దావ సార్. మీరు పోయే దావే సూస్తాండారు. వచ్చే దావ తెగింది" అన్నాడు.

ఫ్రిజ్ నుంచి వచ్చే నల్లతీగను మిస్త్రీ బండి ఛాసిస్ ఇనుముకు ఒక బోల్టుతో బిగించాడు. ఇనుము మీద రంగు గీకలేదు. రంగు పైననే లగ్గు కూర్చున్నది. బోల్టు మరల ద్వారా కొద్దిగా కరెంటు పోతూ, రెండు రోజుల కుదుపులకు అది కూడా సడలింది. ఆ బోల్టును ముట్టుకుంటే చేయి చురుక్కుమన్నది. ఆయన ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి, పళ్ళ వాచరు వేసి, లగ్గు బిగించాడు. మళ్ళీ కొలిస్తే ఆ వైపు నష్టం 0.1 వోల్టు. ఫ్రిజ్ పెట్టగానే నిండుగా గొంతెత్తింది.

మంచం కింద

మేము సంతోషించి డబ్బు తీయబోయాము. ఆయన తీసుకోలేదు. "యింకా కాలేదు సార్" అని టార్చి వెలిగించి మంచం కింద పాకాడు. కొంతసేపటికి మమ్మల్ని కూడా వంగి చూడమన్నాడు.

బ్యాటరీ పెట్టె నుంచి బయటికి వచ్చే యెర్రతీగ ఒక ఇనుపరేకు చిల్లు గుండా దూరి వచ్చింది. ఆ చిల్లుకు రబ్బరు కంటె లేదు. రేకు అంచు కత్తిలా వున్నది. రెండు రోజుల ప్రయాణంలో తీగ మీది తొడుగు సగానికి పైగా కోసుకుపోయి, రాగి తొంగిచూస్తున్నది. ఆ పైన చెక్క, చెక్క మీద నురుగు పరుపు, పరుపు మీద రెండు రాత్రులు మా తమ్ముడి పిల్లలిద్దరూ పడుకున్నారు.

"ఫ్యూజు వుంది గదా" అన్నాము. వున్నది. ఫ్రిజ్ పక్కన వున్నది. అంటే చెరువు తూముకు వుండవలసిన తలుపును కాలువ చివర పొలం గట్టున పెట్టినట్లయింది. నడుమ కాలువకు గండి పడితే ఆ తలుపు యేమి ఆపుతుంది? ఆ రాగి ఆ రేకుకు తగిలి వుంటే కరెంటు ఫ్యూజు దాకా పోయే పనే లేదు. 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీ నేరుగా తగులుకుంటే వెయ్యి ఆంపియర్లకు పైగా వదలగలదు. తీగ క్షణాలలో యెర్రగా కాలుతుంది. ఆ పైన చెక్క, నురుగు పరుపు.

మేమంతా కొంతసేపు మాట్లాడలేదు. మరదలు పిల్లలను దగ్గరికి తీసుకున్నది.

ఫ్రిజ్ ఆగింది గనక మంచం కింద చూశాము. ఆగకుండా పని చేసి వుంటే శ్రీశైలం దాకా ఆ తీగ మీదనే పడుకుని పోయేవారము. చెడిపోయిన తప్పు ముందుకు వచ్చి తన సంగతి చెప్పుకుంటుంది. పని చేస్తూ వున్న తప్పు చెప్పదు. దీపం వెలిగినంత మాత్రాన తీగ సరిగా వున్నదని అనుకోరాదు. హోసూరు సోదరికి మేము వ్రాయదలచిన ముఖ్యమైన మాట యిదే. తక్కినవి దీనికి వివరాలు.

పని చేస్తూనే వుండే తప్పులు

మొదటిది ఫ్యూజు స్థానం. ఫ్యూజు కాపాడేది యంత్రాన్ని అని చాలామంది అనుకుంటారు. అది ముఖ్యంగా కాపాడేది తీగను. కావున బ్యాటరీ ప్లస్సు కొసకు జానెడు దూరంలోపల వుండాలి. తీగ మోయగల ఆంపియర్లకు మించిన ఫ్యూజు వేయరాదు. ఫ్యూజు మాటిమాటికీ పోతున్నదని పెద్దది వేయడం, సిగరెట్టు కాగితం చుట్టడం, రాగితీగ మెలిపెట్టడం, యివన్నీ కాపలావాడిని నిద్రపుచ్చే పనులు. ఫ్యూజు పోయిందంటే యెందుకు పోయిందో వెతకాలి.

రెండవది తీగ సన్నదనం. యిక్కడ చిన్న లెక్క కావాలి. జర్మనీ శాస్త్రజ్ఞుడు ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రం ప్రకారం, తీగలో పోయే వోల్టులు తీగ అడ్డగింపును ఆంపియర్లతో హెచ్చవేసినంత. బ్యాటరీకీ ఫ్రిజ్‌కూ మధ్య 6 మీటర్లు వుంటే తీగ పొడవు 12 మీటర్లని లెక్క కట్టాలి, రాను పోను గనక. ఒక చదరపు మిల్లీమీటరు రాగితీగ అయితే 5 ఆంపియర్లకు సుమారు 1.1 వోల్టులు దారిలోనే పోతుంది. 6 చదరపు మిల్లీమీటర్లది అయితే పోయేది 0.2 మాత్రమే. ఇంట్లో 230 వోల్టులలో ఒక వోల్టు పోతే యెవరికీ తెలియదు. 12లో ఒకటి పోతే పన్నెండవ వంతు పోయినట్లు. ఇంటి వైరింగు చేసే చేత్తోనే బండి వైరింగు చేస్తే వచ్చే చిక్కు యిదే. 750 వాట్ల మిక్సీ ఇంట్లో మూడు ఆంపియర్ల పైచిలుకు తీసుకుంటుంది. అదే మిక్సీని బండిలో ఇన్వర్టరు మీద తిప్పితే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 70 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆ తీగ బొటనవ్రేలంత లావు కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. పెన్సిలంత సన్నగా కనిపిస్తే భయపడండి.

మూడవది రెండు బ్యాటరీల జోడింపు. ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు కలిపితే వోల్టులు 12గానే వుండి, నిల్వ రెట్టింపవుతుంది. ఒకదాని ప్లస్సును రెండవదాని మైనస్సుకు కలిపితే 24 వోల్టులవుతుంది. ఇళ్ళలో పెద్ద ఇన్వర్టర్లకు యిలా కలపడం కద్దు. 12 వోల్టుల సామాను వున్న బండిలో యిలా కలిపితే ఫ్యాన్లూ దీపాలూ ఫ్రిజ్జూ అన్నీ ఒక్కసారిగా పాడవుతాయి. యిది తక్షణమే తెలిసే తప్పు. తెలియనిది యింకొకటి వున్నది. సరిగానే కలిపి, బండికి పోయే యెర్రతీగనూ నల్లతీగనూ రెండింటినీ మొదటి బ్యాటరీ నుంచే తీసుకుంటారు. అన్నీ పని చేస్తాయి. కాని రెండవ బ్యాటరీ కరెంటు నడిమి ముక్కతీగలు కూడా దాటి రావాలి. మొదటిదానికి ఆ బాధ లేదు. కావున బరువంతా మొదటిదాని మీద పడుతుంది. కాడికి కట్టిన రెండెడ్లలో ఒకటే లాగుతున్నట్లు. రెండేళ్ళలో మొదటిది చచ్చిపోతే బ్యాటరీ మంచిది కాదంటాము. మందు సులభం. యెర్రతీగ మొదటిదాని ప్లస్సు నుంచి, నల్లతీగ చివరిదాని మైనస్సు నుంచి తీసుకోవాలి. మా బండిలో యీ తప్పు కూడా వున్నది. ఆ ముసలాయన ఒక తీగ మార్చి సరిచేశాడు.

పాతదానితో కొత్తదాన్ని, సీసపుదానితో లిథియందాన్ని కలపవద్దు. బలహీనమైనది బలమైనదాన్ని కూడా లాక్కుపోతుంది. 1859లో ఫ్రాన్సులో ప్లాంటే కనిపెట్టిన సీసపు బ్యాటరీ, యీనాటి లిథియం బ్యాటరీ వేర్వేరు జాతులు. ఛార్జి చేసే వోల్టులూ పద్ధతీ వేరు. లిథియంకు మార్చేటప్పుడు ఛార్జరు కూడా దానికి తగినదా అని చూసుకోవాలి.

నాలుగవది ఇంజను బ్యాటరీనీ ఇంటి బ్యాటరీనీ నేరుగా కలిపివేయడం. పగలు బండి నడుస్తుంటే రెండూ నిండుతాయి. రాత్రి ఫ్రిజ్ రెండింటినీ తాగుతుంది. తెల్లవారి తాళం తిప్పితే బండి కదలదు. హోసూరు సోదరి యిది కూడా చూసుకోవాలి. నడుమ ఇంజను ఆగగానే విడదీసే రిలే గాని, వోల్టులను సరిచేసి పంపే ప్రత్యేక ఛార్జరు గాని వుండాలి. కొత్త వాహనాలు కొన్నింటిలో ఆల్టర్నేటరు తన వోల్టులను అవసరాన్నిబట్టి తగ్గించుకుంటుంది. అటువంటి వాటికీ, లిథియం బ్యాటరీలకూ రెండవ పద్ధతే క్షేమం.

అయిదవది లెక్కల డబ్బా. బ్యాటరీలో యెంత మిగిలిందో శాతంలో చూపే మీటర్లు వచ్చినవి. వీటికి షంటు అనే లోహపు ముక్క బ్యాటరీ మైనస్సు దగ్గర వుంటుంది. బండిలోని ప్రతి నల్లతీగా ఆ షంటును దాటి పోవాలి. ఒక్క తీగను షంటు దాటకుండా నేరుగా బ్యాటరీకి బిగించినా ఆ ఖర్చు లెక్కలోకి రాదు. మీటరు తొంభై శాతం అంటూ వుండగానే దీపం ఆరిపోతుంది. జమాఖర్చుల పుస్తకంలో వ్రాయకుండా బీరువాలోంచి డబ్బు తీసినట్లే.

ఆరవది సౌర పలకలు. పలకను నేరుగా బ్యాటరీకి కలపరాదు. నడుమ కంట్రోలరు వుండాలి. కలిపేటప్పుడు కంట్రోలరుకు ముందు బ్యాటరీ, తరువాత పలక. విప్పేటప్పుడు ముందు పలక, తరువాత బ్యాటరీ. యీ వరుస తప్పితే కంట్రోలర్లు కొన్ని పాడవుతాయి.

చివరగా రంగులు. మోటారు పనిలో యెరుపు ప్లస్సు, నలుపు మైనస్సు. అయినా మిస్త్రీ దగ్గర ఆ రోజు యే రంగు తీగ మిగిలి వుంటే అదే పడుతుంది. అమెరికాలో ఇంటి కరెంటుకు నలుపే ప్రాణమున్న తీగ, తెలుపు న్యూట్రల్. అక్కడి మోటారు ఇళ్ళు అనేకంలో బ్యాటరీ వైపు కూడా నలుపు ప్లస్సుగా, తెలుపు మైనస్సుగా వుంటుంది. మన పిల్లలు చాలామంది అక్కడ సెలవులకు యిలాంటి బండ్లు తీసుకుంటున్నారు. నలుపు గనక మైనస్సే అనుకుని కలిపితే ప్రమాదం. రంగు చెప్పే సాక్ష్యాన్ని నమ్మవద్దు, మీటరును అడగండి.

వెతికే వరుస

మల్టీమీటరు ఖరీదు కొన్ని వందల రూపాయలు మాత్రమే. బెంగుళూరులో ఎస్.పి.రోడ్డులోనూ, చెన్నైలో రిచీ వీధిలోనూ యెన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. కొత్త బ్యాటరీ కొనే ముందు యీ వరుస పాటించండి.

1. బ్యాటరీకి రెండు మూడు గంటలు విశ్రాంతి యిచ్చి కొలవండి. సీసపు బ్యాటరీ నిండుగా వుంటే సుమారు 12.7, సగం వుంటే 12.2, ఖాళీ అయితే 11.8 వోల్టులు. లిథియంకు యీ లెక్క చెల్లదు. అది చాలాసేపు ఒకే వోల్టు చూపి చివర దబ్బున దిగుతుంది.

2. ఛార్జి యెక్కుతుండగా మళ్ళీ కొలవండి. సుమారు 13.8 నుంచి 14.4 దాకా చూపాలి. 12 దగ్గరే వుంటే ఛార్జి అక్కడికి చేరడం లేదు. బ్యాటరీ తప్పు కాదు.

3. పాత హెడ్‌లైటు బల్బు ఒకటి బరువుగా పెట్టి, అది వెలుగుతుండగా బ్యాటరీ దగ్గరా, చివరి ప్లగ్గు దగ్గరా కొలవండి. తేడా అర వోల్టు మించితే దారిలో దొంగ వున్నాడు.

4. ప్లస్సు దారి వేరుగా, మైనస్సు దారి వేరుగా కొలిచి దొంగ యే దారిన వున్నాడో తేల్చండి. ఆ దారిలో ఒక్కొక్క అతుకునూ దాటుతూ కొలుచుకుంటూ పోతే పట్టుబడతాడు.

5. చేత్తో తడిమి చూడండి. వెచ్చగా వున్న బోల్టు, రంగు మారిన లగ్గు, మెత్తబడిన తొడుగు, టేపు చుట్టిన అతుకు, యివి మీటరు లేకపోయినా చెబుతాయి.

6. అంతా సరిగా వున్నదనిపించినా తీగ మొదటి నుంచి చివరి దాకా కంటితో చూడండి. రేకు దాటే ప్రతిచోటా రబ్బరు కంటె వున్నదా? బ్యాటరీ పక్కనే ఫ్యూజు వున్నదా? యీ ఆరవది మానవద్దు. పైన చెప్పిన మీటరు పరీక్షలు నాలుగింటిలో యే ఒక్కటీ మా మంచం కింది తీగను పట్టివ్వగలిగేది కాదు.

చేయి పెట్టే ముందు

వుంగరం, కడియం, లోహపు గొలుసు గల గడియారం తీసి పక్కన పెట్టండి. 12 వోల్టులు మనిషికి షాకు కొట్టదన్నమాట నిజమే. కాని పానాకూ ఇనుముకూ నడుమ వుంగరం చిక్కితే అది కాలి వ్రేలిని కోస్తుంది. విప్పేటప్పుడు మైనస్సు ముందు, బిగించేటప్పుడు మైనస్సు చివర. మైనస్సు తీసివుంటే, ప్లస్సు విప్పే పానా పొరపాటున బండి ఇనుముకు తగిలినా నిప్పు రవ్వలు రావు. కలిపే ముందు ప్లస్సు, మైనస్సు గుర్తులు రెండుసార్లు చదవండి. తారుమారుగా కలిపితే ఆల్టర్నేటరులోని డయోడులు పోతాయి.

నీళ్ళు పోసే సీసపు బ్యాటరీ ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వదులుతుంది. గాలిలో అది నూటికి నాలుగు పాళ్ళు చేరితే చిన్న నిప్పురవ్వకు పేలుతుంది. కావున అటువంటి బ్యాటరీని గాలి ఆడని పెట్టెలో, పడక కింద మూసివుంచరాదు. బయటికి గొట్టం వుండాలి. దానిలో స్వేదనజలం తప్ప వేరు నీళ్ళు పోయరాదు. ఆమ్లం కంట పడితే వెంటనే మంచినీళ్ళతో చాలాసేపు కడిగి డాక్టరు దగ్గరికి పోవాలి. కొసల మీద పేరుకునే తెల్లని, పచ్చని బూజును వంటసోడా నీళ్ళతో కడిగితే పోతుంది.

230 వోల్టుల వైపు మాత్రం మీరు చేయి పెట్టవద్దు. ఇన్వర్టరు నుంచి వచ్చే తీగా, బయటి నుంచి తెచ్చుకునే కరెంటూ ఒకే ప్లగ్గులకు కలిసిపోతే ఇన్వర్టరు పాడవుతుంది, ప్రాణానికి కూడా మోసం. ఒకటి వుంటే రెండవది తగలకుండా మార్చే స్విచ్చి లైసెన్సు వున్న ఎలక్ట్రీషియన్ చేతనే పెట్టించండి. అలాగే బండి స్వరూపం మార్చే ముందు, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను అధికారి అనుమతి కావాలని మరువవద్దు. ప్రమాదం జరిగినప్పుడు బీమావారు మొదట అడిగేది దాన్నే.

యిక నంద్యాల సంగతి ముగిస్తాము. ఆ ముసలాయన రేకు చిల్లుకు పాత ట్యూబు ముక్క కోసి తొడిగాడు. బజారు నుంచి ఫ్యూజు తెప్పించి బ్యాటరీ పక్కనే బిగించాడు. తెగిన తీగ తీసివేసి కొత్తది వేశాడు. సాయంత్రం అయిదు గంటలయింది. పాతిక వేలు ఖర్చవుతాయనుకున్న చోట ఆయన సామానుతో సహా అడిగినది రెండు వేల లోపు. మందుల షాపు నుంచి ఇన్సులిన్ తెచ్చుకున్నాము. మహానంది కోనేటిలో మర్నాడు స్నానం చేశాము. బెంగుళూరు చేరిన తరువాత తీగలన్నీ ఊడదీయించి, మొదటి నుంచి మళ్ళీ వేయించాము. యీసారి యెవరినీ తొందరపెట్టలేదు.

అత్తయ్య యిప్పటికీ మాతోనే ప్రయాణాలు చేస్తున్నది. బండి యెక్కగానే ముందు వంగి మంచం కింద చూస్తుంది. ఆమెకు మీటరు చదవడం రాదు. "యెర్రది యెక్కడా రేకుకు రాచుకోవడం లేదు గదరా?" అని అడిగి, మేము టార్చి వేసి చూపిన తరువాతనే కూర్చుంటుంది. హోసూరు సోదరి కూడా బయలుదేరే ముందు తమ ఇంటివారిని యీ ప్రశ్న ఒక్కటి అడగాలని మా కోరిక. వారి బండిలో యే తప్పు బయటపడిందో మాకు వ్రాస్తే, తక్కిన పాఠకులకు కూడా ఉపయోగంగా వుంటుంది.

వచ్చే నెల వర్షాకాలంలో ఇంటి ఎర్తు పరీక్ష గురించి వ్రాస్తాము.